ఐసు గది డాబా మీద పిల్లి

మూడోసారి కూడా ఐసు మిషను ఆగిపోయింది.

మొదటిసారి ఆగినప్పుడు మా రాత ఇంతే అనుకున్నాం. రెండోసారి ఆగినప్పుడు మిషను చూసుకునే ఖమీస్‌ని నాలుగు తిట్టి ఊరుకున్నాం. ఈసారి మాత్రం రేవులో మగాళ్లందరూ వలలు ఎక్కడివక్కడ పడేసి వచ్చి ఐసు గది ముందు మూగారు.  మిషను ఆగిన మూడుసార్లూ దాని ముందు నిలబడి ఉన్నది ఇంజనీరు షుక్రీ గారే మరి. సర్కారు గ్రాంటు ఆఫీసు తరఫున రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చి, మిషను పనితనం చూసి సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయన రాని రోజుల్లో అది పొద్దెక్కింది మొదలు పొద్దువాలేదాకా గడగడలాడుతూ ఐసు పోస్తూనే ఉంటుంది. ఆయన కాలు పెట్టిన రోజే మొండికేస్తుంది.

నా పేరు లమీన్. ఐసు గది గోడకి ఆనుకుని ఉన్న కాఫీ హోటలు నాది. ఈ రేవులో నాకంటే మంచి కాఫీ ఇంకెవరూ ఇవ్వలేరు. ఇంకో హోటలు లేదు గనక అలా అంటున్నానని మా ఆవిడ రఫీకా అంటుంది గానీ, దాని మాట పట్టించుకోనక్కర్లేదు.

ఆ మిషను ఆగితే మా దీవికి ఏమవుతుందో చెప్పాలి. అది రాకముందు మాకు ఐసు అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్నం నుంచి ఫెర్రీలో వచ్చేది. గాలి లేచిందంటే ఫెర్రీ ఉండదు, ఫెర్రీ లేకపోతే ఐసు ఉండదు, ఐసు లేకపోతే పట్టిన ఆక్టోపస్ మధ్యాహ్నానికే వాసన కొడుతుంది. అప్పుడు దళారి ఎంతంటే అంత, వద్దంటే సముద్రంలోకి. అలాంటిది జాలర్లందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు, సర్కారు గ్రాంటు వచ్చింది, మేం రాళ్లు మోసి గది కట్టాం, దాని డాబా మీద సోలార్ పలకలు పరిచారు. ఎండకి మిషను తిరుగుతుంది, ఐసు తొట్టెలో పడుతుంది. అయితే గ్రాంటుకో షరతుంది. ఆఫీసు మనిషి చూస్తుండగా, ఆయన తిరిగి ఫెర్రీ ఎక్కేలోపు, తొట్టె ఎర్రగీత దాకా నిండాలి. మూడుసార్లు చూస్తారు. మూడోసారీ నిండకపోతే పలకలూ మిషనూ ఊడదీసి, అవతలి ఒడ్డున వరసలో ఉన్న ఇంకో ఊరికి ఇచ్చేస్తారు.

ఆ మూడోసారి ఈరోజే. తొట్టె సగం కూడా నిండలేదు. ఫెర్రీ అయిదింటికి.

ఇదంతా చాలదన్నట్టు, మా దీవిలో పోలీసు పని చూసే గార్డు అధికారి నూమాన్ ఒకడు. రెండోసారి మిషను ఆగినప్పటినుంచీ ఇది ఎవరో కావాలని చేస్తున్న పని అని తేల్చేసుకుని కూర్చున్నాడు. ఈరోజు పొద్దున్నే వచ్చి నా హోటల్లో మూడు కాఫీలు తాగి, మిషను ఆగిన మరుక్షణం దాని మీటకి కాగితం సీలు అంటించేశాడు. తనిఖీకని ఐసు గది తెరిచే ఉంది గనక లోపలి నిచ్చెన అడిగాడు. డాబా ఎక్కాడు, చూశాడు, దిగాడు. పైన ఎండ తప్ప ఏమీ లేదన్నాడు. సరిగ్గా అప్పుడే సందులోంచి ఖమీస్ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నూమాన్ వాడి చొక్కా పట్టుకుని చేపలపెట్టె మీద కూలేశాడు.

నేను మా వదిన కోసం పరిగెత్తాను.

మా వదిన దూజా అంటే మా ఆవిడకి అక్క. స్ఫాక్స్ పోలీసుల్లో నేరపరిశోధన విభాగంలో ముప్ఫై ఏళ్లు చేసి కిందటేడే రిటైరయి, పుట్టింటికి వచ్చి తల్లి దగ్గర ఉంటోంది. దొంగల్ని పట్టడం తప్ప ఇంకే పనీ రాదు. వంటింట్లోకి రావద్దని మా అత్తగారు మహ్‌బూబా ఖరాఖండీగా చెప్పేసింది, ఉప్పు తగలేస్తుందని. అందుకే షుక్రీ గారి కోసం లోపల ఆడవాళ్లు ఆక్టోపస్ కుస్‌కుస్ వండుతుంటే ఈవిడ పెరట్లో కూర్చుని చేపలబుట్ట అల్లుకుంటోంది.

విషయం చెప్పాను. వంటింట్లో గోల ఒక్కసారిగా ఆగిపోయింది. పాపం, వాళ్లకీ బాధే కదా అనుకున్నాను. వదిన బుట్ట పక్కన పెట్టి, చెప్పులేసుకుని, దారిలో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. కిందటి రెండుసార్లూ ఇంజనీరు వెళ్లాక మిషను మళ్లీ ఎలా తిరిగింది అని. మీట నొక్కితే తిరిగింది అన్నాను.

"ఏదీ బాగుచెయ్యకుండానే?"

"ఏదీ బాగుచెయ్యకుండానే."

ఆవిడ మొహంలో ఒక వెలుగు కనిపించింది. రిటైరయ్యాక ఆ వెలుగు చూడటం అదే మొదటిసారి. నాకూ ఎందుకో ప్రాణం లేచొచ్చింది.

నూమాన్ ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆవిడ కిందే పని నేర్చుకున్నాడు మరి. నిలబడ్డందుకు వెంటనే సిగ్గుపడి బెల్టు సర్దుకున్నాడు.

"కేసు అయిపోయింది మేడమ్. డాబాకి మెట్లు లేవు. నిచ్చెన గదిలో ఉంటుంది, గదికి తాళం ఉంటుంది, తాళంచెవి వీడి మెళ్లో ఉంటుంది. మిషను ఆగినప్పుడు వీడు ఇక్కడ లేడు. ఎక్కడున్నావంటే చెప్పడు. స్ఫాక్స్ ఐసు వ్యాపారి వీణ్ణి కొనేశాడు."

"ఒప్పుకున్నాడా?"

"ఫెర్రీలో కూర్చోబెడితే అవతలి ఒడ్డు చేరేలోపు ఒప్పుకుంటాడు."

ఖమీస్ అంటే ఎవరికీ ముల్లు గుచ్చని మనిషి. మిషనుకి రోజూ పొద్దున్నే వందనం చెప్పి మరీ మీట నొక్కుతాడు. ఇప్పుడు పెట్టె మీద తల వంచుకుని కూర్చున్నాడు. వదిన వాడి పక్కనే ఇంకో పెట్టె లాక్కుని కూర్చుని, వాడి చేయి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది.

"ఆక్టోపస్, టమాటా, మిరపపొడి," అంది. "మా అమ్మ వంట. ఉప్పు సరిపోయిందా?"

వాడు బిత్తరపోయాడు. తరువాత కళ్లనీళ్లు పెట్టుకుని అసలు సంగతి కక్కేశాడు. తనిఖీ రోజున మిషను వదిలి అడుగు కదలకూడదని షరతుల్లో ఉందట. కానీ మహ్‌బూబా పిన్ని కబురంపిందట, పెద్ద గుండిగ దించడానికి మగాడి చేయి కావాలని. వెళ్తే దించాక రుచి చూడమన్నారట. చూశాక మళ్లీ చూడమన్నారట. చెప్తే ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. కిందటి రెండుసార్లూ ఇలాగే పిలిచారా అని వదిన అడిగింది. పిలిచారన్నాడు.

"మూడుసార్లూ గుండిగేనా?"

"మూడుసార్లూ గుండిగే అక్కా."

నూమాన్ పకపకా నవ్వాడు. ఇది సాక్ష్యమా, వంటల పుస్తకమా అన్నాడు. వదిన వాడి వంక చూడనైనా చూడలేదు. లేచి షుక్రీ గారి దగ్గరికి వెళ్లింది.

షుక్రీ గారు భారీ మనిషి, మంచి మనిషి. మూడుసార్లు మా ఊరొచ్చి మూడుసార్లూ మిషను ఆగిపోయినా, మా మీద కోపం కంటే జాలే ఎక్కువ ఆయనకి. సంతకం పెట్టాలని ఉంది, పెట్టలేకపోతున్నాడు. ఫెర్రీ దిగింది మొదలు మిషను ఆగేదాకా ఏం చేశారో ఒక్కటీ వదలకుండా చెప్పమంది వదిన. దిగాను, రేవులో నిలబడి డాబా మీది పలకల్ని చూశాను, లమీన్ హోటల్లో కాఫీ తాగాను, మిషను దగ్గరికొచ్చాను, కాసేపటికి ఆగింది అన్నాడాయన. డాబా ఎక్కారా అంటే మొహం తిప్పుకున్నాడు. నిచ్చెనంటే భయమట.

"రేవులో నిలబడి పలకల్ని చూశారు. చూసి ఊరుకున్నారా?"

"ఊరుకోవడమేంటమ్మా, నోరారా మెచ్చుకున్నాను. ఎంత బాగున్నాయి, అద్దాల్లా మెరుస్తున్నాయి, ఇలాంటివి ఎక్కడా చూడలేదు అన్నాను. పదిమంది విన్నారు. నిజం కదా మరి."

అది మాకు తెలిసిందే. ఆయన అన్నిటినీ మెచ్చుకుంటాడు. పడవల్ని, పిల్లల్ని, నా కాఫీని, నా గడియారాన్ని కూడా. వదిన మాత్రం ఆ మాట దగ్గర ఆగింది. మెచ్చుకుని ఇంకేమైనా అన్నారా అని అడిగింది. ఇంకేమనాలి అని ఆయన అయోమయంగా చూశాడు. ఆవిడ ఏమీ లేదని తల ఊపింది.

అప్పుడు డాబా చూడాలంది. నిచ్చెన తెమ్మని నూమాన్ ఖమీస్‌ని గద్దించబోతే, నిచ్చెనెందుకు అని వదిన నా హోటల్లోకి నడిచింది. మా లోపలి మెట్లెక్కి మా డాబా మీదికి చేరింది. మా డాబాకీ ఐసు గది డాబాకీ మధ్య మోకాలెత్తు గోడ. దాటేసింది. నూమాన్ మొహం చూడాలి అప్పుడు. వాడు ఇందాక నిచ్చెన ఎక్కి అటువైపు చూశాడే గానీ ఇటు తిరగనేలేదు.

డాబా మీద పిల్లి ఉంది.

పలకల కింద నీడ ఎంతో ఉంటే, అది నీడలో పడుకోకుండా మండే ఎండలో పలక మీద నిలబడి అద్దం నాకుతోంది. వదిన దాన్ని తోలలేదు. అది ఎక్కడెక్కడ నాకుతోందో అక్కడక్కడల్లా వంగి చూసింది. నన్నూ చూడమంది. అద్దం మీద జిడ్డు మరక, నెలవంక ఆకారంలో. దాని పక్కపలక మీద ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. మొత్తం అయిదు. ఒకచోట నీలం దారప్పోగు అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని గోటితో తీసి జేబులో వేసుకుంది.

"ఇందాక ఈ మరకలు చూశావా నూమాన్?"

"పక్షి రెట్టలనుకున్నాను మేడమ్."

"పక్షి నెలవంకలు వేస్తుందా? వరసలో?"

వాడు దులపరించుకోవడానికి చూశాడు. కాసిని జిడ్డు మరకలకి ఇంత పెద్ద మిషను ఆగుతుందా అన్నాడు. వదిన కిందికి కేకేసి ఖమీస్‌ని అడిగింది. మరకలకి ఆగదు అక్కా, కానీ పలకలన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉన్నాయి, రెండు మూడిటి మీద నీడ గట్టిగా పడితే గొలుసంతా నీరసిస్తుంది, నీరసించిన కరెంటుతో మిషను తిరగనని ఆగిపోతుంది, నీడ పోయినా మళ్లీ మీట నొక్కేదాకా లేవదు అన్నాడు. పలకలు బిగించినవాళ్లు అలా చెప్పారట. షుక్రీ గారు కిందనుంచి అవునవునన్నాడు.

నూమాన్ కళ్లు మెరిశాయి. మోకాలెత్తు గోడ వంక చూశాడు, మా మెట్ల వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"అయితే ఈ డాబా ఎక్కే దారి ఇతని హోటల్లోంచే. ఇంతసేపూ మనందరికీ కాఫీ పోస్తున్న మనిషే అన్నమాట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గది కట్టినప్పుడు రాళ్లు మోసింది నేను, నడుం పట్టేసి పదిరోజులు పడుకున్నది నేను, ఇప్పుడు నేనే దాన్ని చెడగొడతానా? నోటికొచ్చినట్టు అరుద్దామనుకునేలోపు వదిన నా భుజం నొక్కి కిందికి తీసుకొచ్చింది. హోటలు గుమ్మం దాటబోతూ ఆగింది. తలెత్తి తలుపు పైకమ్మీని చూసింది. నేనూ చూశాను. అక్కడ ఒక మేకు ఉంది. మేకుకి ఏమీ లేదు.

"లమీన్, నీ గుమ్మానికి ఇక్కడ ఏదో ఉండాలే?"

"ఉండాలి. పొద్దున తలుపు తీసినప్పుడు ఉంది."

"రఫీకా ఎక్కడ?"

"మీ అమ్మ దగ్గర, వంటలో." చెప్తుండగానే నాకు మా లోపలి మెట్లు గుర్తొచ్చాయి.

 వదిన నవ్వాపుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంది. తిన్నగా మిషను దగ్గరికి వెళ్లి సీలు తీయమంది. నూమాన్ అడ్డంగా నిలబడ్డాడు.

"అది సాక్ష్యం మేడమ్. మీరు రిటైరయ్యారు. మీకిక్కడ అధికారం లేదు."

"నాకు లేదు. నీకుంది. ఆ అధికారంతో నువ్వు చేసిందేంటంటే, ఇవాళ మిషను ఒక్కసారే ఆగింది, నువ్వు సీలు వేసి దాన్ని గంటన్నర ఆపావు. తొట్టెలో ఐసు కరిగిపోతోంది. సాయంత్రం ఈ ఊరికి మిషను పోయిందంటే, ఆపింది ఎవరని షుక్రీ గారు రాయాలి?"

బయట జాలర్లు ఒక అడుగు ముందుకేశారు. షుక్రీ గారు గొంతు సవరించుకుని, తను సంతకం పెట్టేదాకా మిషను తమ ఆఫీసుదేననీ, తీయడానికి అభ్యంతరం లేదనీ అన్నాడు. నూమాన్ కాగితం చింపాడు. ఖమీస్ వందనం చెప్పి మీట నొక్కాడు. మిషను గడగడమంటూ లేచింది. ఐసు పొరలు చరచరా తొట్టెలో పడసాగాయి. మగాళ్లంతా ఈలలు వేశారు.

"ఇప్పుడు తిరుగుతోంది," అన్నాడు నూమాన్. "మళ్లీ ఎవరాపుతారో?"

"నువ్వే చూద్దువుగాని," అని వదిన షుక్రీ గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. అంతేనా అన్నాడు. అంతే, కానీ గట్టిగా అంది.

మేం ముగ్గురం, అంటే వదిన, నేను, నూమాన్, వెనకదారిన మా డాబా ఎక్కాం. ఆరేసిన దుప్పట్ల వెనక నక్కి కూర్చున్నాం. తడిదుప్పటి నూమాన్ టోపీకి తగిలి నీళ్లు కారుతున్నా వాడు కదల్లేదు. పని దొరికితే మంచివాడే.

కింద రేవు నడిమధ్య నిలబడి షుక్రీ గారు మొదలుపెట్టాడు. ఆయనలో అంత నాటకం ఉందని నాకు తెలీదు. రెండు చేతులూ చాచి, ఊరంతా వినేలా, ఆహా ఏం పలకలు, ఏం మెరుపు, మొత్తం దేశంలోనే వీటికి సాటి లేదు, ఇంత బాగా తిరిగే మిషను నా జన్మలో చూడలేదు అని ఎలుగెత్తి పొగిడాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ పొగిడాడు.

రెండు నిమిషాలు కాలేదు. మా మెట్ల మీద చెప్పుల చప్పుడు.

మొదట వచ్చింది మా ఆవిడ. దాని వెనక తెల్లముసుగుల్లో ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లందర్నీ తోసుకుంటూ, డెబ్బై దాటిన మా అత్తగారు మహ్‌బూబా. మోకాలి నొప్పులని నాచేత వారానికోసారి నూనె తెప్పించుకునే మనిషి, ఆ గోడని మేకపిల్లలా దాటింది. పిల్లి ఎదురెళ్లి కాళ్లకి చుట్టుకుంది. ముసుగుల కిందనుంచి ఒక్కొక్కరూ ఒక్కోటి తీశారు. ఎండబెట్టిన ట్యూనా చేప తోకలు. విసనకర్రంత వెడల్పు, నెలవంక ఆకారం, పైన నీలం దారం. మా ఊళ్లో ప్రతి గుమ్మానికీ ఒకటి వేలాడుతుంది, దిష్టి తగలకుండా. దారం ముడిని బట్టి మా గుమ్మానిది నేను గుర్తుపట్టాను.

"ఒక్కసారన్నా మాషా అల్లాహ్ అన్నాడా మహానుభావుడు?" అంది మా అత్తగారు రొప్పుతూ. "ఇన్ని పొగడ్తలు పొగిడి దేవుడి పేరే ఎత్తడే! రాయైనా పగిలిపోతుంది, ఈ అద్దాలెంత. పెట్టండమ్మా, తొందరగా పెట్టండి."

మొదటి తోక పెట్టారు. అయిదు వేళ్లూ దిష్టికళ్లలో అని దిష్టి పోయే మాట గొణిగారు. రెండో తోక పెట్టారు. కింద మిషను మోత సన్నబడింది. మూడోది పెట్టారు. మోత ఆగిపోయింది.

"చూశారా," అంది మా అత్తగారు గుండె బాదుకుంటూ, "అప్పుడే తగిలింది వాడి దిష్టి! ఊఁ, మిగతావి కూడా పెట్టండి!"

నాకు నవ్వు ఆగలేదు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. వదిన లేచి నిలబడింది.

"అమ్మా."

అయిదుగురూ కొయ్యబారిపోయారు. మా ఆవిడ తోకని వెనక దాచుకుంది, చిన్నపిల్లలా. మా అత్తగారు మాత్రం జంకలేదు. తను చేసింది దాచలేదు కూడా. మొదటిసారి ఆయన పొగిడినప్పుడే మిషనుకి దిష్టి తగులుతుందని భయపడిందట. ఖమీస్ చూస్తే నవ్వుతాడని వాణ్ణి గుండిగ వంకన పిలిపించి మూడు తోకలు పెట్టించిందట. అయినా మిషను ఆగింది. తోకలు చాల్లేదనుకుని రెండోసారి నాలుగు. అయినా ఆగింది. ఈసారి అయిదు. నూమాన్ నిచ్చెన అడిగాడని తెలిసి, సర్కారు మనుషులు చూస్తే నవ్వుతారని గబగబా తీసేశారట.

"మిషను పోతే మళ్లీ ఆ ఫెర్రీ ఐసు కోసం ఎదురుచూడాలి. మీ నాన్న పట్టిన చేప ఎన్నిసార్లు ఈ చేతులతో సముద్రంలో పోశానో నీకేం తెలుసే," అంది. 

వదిన ఏమీ వాదించలేదు. కిందికి కేకేసి ఖమీస్‌ని మీట దగ్గర నిలబడమంది. తోకలు తీయించింది. మీట నొక్కితే మిషను తిరిగింది. తోకలు పెట్టించింది. ఆగింది. మా అత్తగారు కళ్లు చికిలించి చూసి, నాకివ్వు అని తోకలు లాక్కుంది. తనే పెట్టింది, ఆగింది. తీసింది, ఖమీస్ నొక్కాడు, తిరిగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. చివరికి వదినే ఆవిడ చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది, ఫెర్రీ టైమవుతోందని.

"అంటే," అంది మా అత్తగారు మెల్లిగా, "మూడుసార్లూ ఆపింది నేనేనా?"

 ఆవిడ ఒక్కక్షణం నేల చూపులు చూసి, తరువాత పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ గోడ మీద కూలబడింది. ఆడవాళ్లంతా నవ్వారు. కిందనుంచి షుక్రీ గారు ఏమైంది ఏమైంది అని అరుస్తున్నాడు. చెప్పాం. ఆయన నవ్వు అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. భయం గియ్యం మరిచిపోయి నిచ్చెన ఎక్కేశాడు. పైకొచ్చాక కిందికి చూసి గట్టిగా కళ్లు మూసుకున్నాడు గానీ, అది వేరే సంగతి.

ఆ తరువాత రెండు గంటలు పని అంటే పని. ఆడవాళ్లు అద్దాల మీద జిడ్డంతా సబ్బునీళ్లతో కడిగి, మా దుప్పట్లతోనే తుడిచారు. పిల్లిని మా వంటింట్లో పెట్టి తలుపేశాం. మగాళ్లు తొట్టె చుట్టూ నిలబడి, ఎర్రగీతని కళ్లతో పైకి లాగుతున్నట్టు చూశారు. నూమాన్ ఎవరూ చెప్పకుండానే గడియారం పట్టుకుని ఖమీస్ పక్కన నిలబడి, ఇంకెంత ఇంకెంత అని వాడి ప్రాణం తీశాడు. ఒకసారి వాడి చొక్కా మడత సరిచేసి, ఇందాక గట్టిగా పట్టుకున్నాను, పొరపాటైంది అన్నాడు. ఖమీస్ వాడికి గుప్పెడు ఐసు ఇచ్చాడు.

ఫెర్రీ మొదటి కూత వేసినప్పుడు గీతకి ఇంకా నాలుగు వేళ్లు తక్కువ. రెండో కూతకి ఇంకా ఒక వేలు తక్కువ. మూడో కూత వేసేసరికి ఐసు గీతని ముంచేసింది. షుక్రీ గారు అక్కడే నా హోటలు బల్ల మీద సంతకం పెట్టాడు. రేవంతా కేకలు. ఒకరినొకరు కౌగిలించుకున్నారు, మా ఆవిడ అందరి ముందూ నన్ను కౌగిలించుకుంది, నేను కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

మా అత్తగారు షుక్రీ గారి చేయి పట్టుకుని ఫెర్రీ దాకా నడిపించింది. దారిలో పాఠం చెప్పింది. ఏదైనా మెచ్చుకోవాలనిపిస్తే ముందు మాషా అల్లాహ్ అనాలి నాయనా, తరువాత ఎంతైనా మెచ్చుకో. ఆయన నాలుగుసార్లు అభ్యాసం చేశాడు. తోకల సంగతీ తేల్చుకున్నారు. ఇకమీదట అవి అద్దాల మీద కాదు, ఐసు గది గుమ్మానికి. ఒకటి మాత్రం పలకల వెనకవైపు కడతానంది ఆవిడ, దిష్టి వెనకనుంచి కూడా రావచ్చు కదా అని. వెనకైతే అభ్యంతరం లేదని ఇంజనీరు గారు ఒప్పుకున్నాడు.

ఫెర్రీ మెట్టెక్కి ఆయన వెనక్కి తిరిగాడు. మొహం చాటంత అయింది.

"అసలు మాట చెప్పడం మరిచిపోయాను," అని అరిచాడు. "సంతకం అయిందంటే మీది ఇక ఆదర్శ గ్రామం. వచ్చేనెల గ్రాంటు కావాల్సిన ఊళ్లన్నిటినుంచీ జనం మీ మిషను చూడ్డానికి వస్తారు. నలభైమంది. రెండు పూటలూ ఇక్కడే ఉంటారు. కళ్లారా చూసి పోతారు!"

ఫెర్రీ కదిలింది. మా చేతులు గాల్లో ఊగుతూ ఊగుతూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. నలభైమంది. ఎనభై కళ్లు. రెండు పూటలు. వాళ్లకి గ్రాంటు ఇంకా రాలేదు, మాకు వచ్చింది. మా అత్తగారు ఐసు గది డాబా వంక చూసింది, ఆ తరువాత చేతిలో ఉన్న అయిదు తోకల వంక చూసింది. 

"దూజా," అంది, "ఇవి చాలవే."

వదిన తోకలు చేతిలోకి తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. 

నూమాన్ గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి చేత్తో తిప్పుతూ, ఎవరి వంకా చూడకుండా, సముద్రం వైపు తిరిగి అన్నాడు.

"మాదీ రేవు ఊరే, మహ్దియా, పిన్నిగారూ. మా ఇంటి గుమ్మానికీ తోక ఒకటుంది. వీటికంటే పెద్దది."